రాజు కనిపించని నగరాలు: తొలి నాగరికతల్లో ఎవరు పైన, ఎవరు కింద?

సింధు లిపిని చదివి చూపించినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. ఆ నాగరికత సంగతిని అప్పటి భారత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ లోకానికి తెలియజేసింది 1924 సెప్టెంబరులో. నూరేళ్ల వేడుకలు, వెంటనే ఈ బహుమతి. దాంతో చరిత్ర పెద్దగా పట్టనివాళ్లు కూడా హరప్పా గురించి వాదించుకుంటున్నారు. ఎక్కువగా వినిపించే మాటలు రెండు. హరప్పాలో రాజులు లేరు, అందరూ సమానంగా బతికారు అన్నది ఒకటి. కులం మొదలైందే అక్కడ అన్నది మరొకటి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఇప్పటిదాకా దొరికిన ఆధారాలు ఈ రెండింటిలో దేన్నీ పూర్తిగా బలపరచవు కూడా.

ఈ గందరగోళానికి కొంత కారణం మనం బడిలో చూసిన త్రికోణం బొమ్మ. కొసన రాజు, కింద పూజారులు, లేఖకులు, వర్తకులు, రైతులు, అడుగున బానిసలు. మెసొపొటేమియాకూ అదే బొమ్మ, ఈజిప్టుకూ అదే బొమ్మ. హరప్పా దగ్గరికి వచ్చేసరికి కొసన ఎవరిని పెట్టాలో తెలియక ఒకరు రాజును ఊహిస్తారు, ఇంకొకరు బొమ్మనే చెరిపేస్తారు. ఆ రెండు తొందరపాట్లూ వద్దనుకుంటే, ఈ సమాజాల్లో ఎక్కువ తక్కువలు మనకు ఏ ఆధారంతో తెలుస్తున్నాయో ముందు చూడాలి.

హోదా, వర్గం, కులం: మూడూ ఒకటి కావు

నలుగురిలో ఒకరి మాటకు విలువ ఎక్కువ ఉంటే అది హోదా. ఆ మనిషి ఇంట్లో ధాన్యం పక్కింటివాళ్లకన్నా ఎక్కువ ఉండాలని లేదు. భూమి, ధాన్యం, సరుకు కొందరి చేతిలో ఉండి, మిగతావాళ్లు వాళ్ల దగ్గర పనిచేస్తేనే పూట గడిచే పరిస్థితి వస్తే అది వర్గం. ఏ పని చేయాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నది పుట్టుకతోనే తేలిపోయి, తరతరాలుగా అదే నడిస్తే అది కులం. మనిషిని కొనడం, అమ్మడం ఉంటే బానిసత్వం. ఇవి ఒకే చోట కలిసి ఉండొచ్చు, ఒకటి ఉండి మరొకటి లేకపోనూవచ్చు. బాబిలోన్‌లో బానిసలు ఉన్నారు, కానీ అక్కడి సమాజాన్ని కుల సమాజం అనలేం. ఎక్కడో పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు బయటపడగానే కులం రుజువైందని రాసేవాళ్లు ఈ తేడాను దాటేస్తున్నారు.

ఆధారాల విషయానికొస్తే సమాధులు, ఇళ్లు, ఎముకలు, రాతలు ఉన్నాయి. వీటిలో సమాధులు, శాసనాలు పైవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నవి. ఎముకలు అలా కావు. ఎవరు ఏం తిన్నారో, ఎంత బరువు మోశారో, దెబ్బ తగిలితే కట్టు కట్టినవాళ్లు ఉన్నారో లేదో అవి దాచకుండా చెబుతాయి. ధాన్యం లెక్కలు రాసిన గుమాస్తాలకూ గొప్పలు చెప్పుకునే పని లేదు. అందుకే నేను రాజుల శాసనాలకన్నా బత్తెం పద్దులను ఎక్కువ నమ్ముతాను.

ఊర్ సమాధుల్లో 74 మంది

నేటి దక్షిణ ఇరాక్‌లో ఉరుక్ అనే నగరం ఉండేది. క్రీ.పూ. 3300 ప్రాంతంలో మట్టి పలకల మీద రాయడం అక్కడే మొదలైంది. ఆ పలకల్లో ఎక్కువ భాగం లెక్కలే: ఎన్ని గొర్రెలు వచ్చాయి, ఎంత బార్లీ పోయింది, ఎవరి వాటా ఎంత. వాటితో పాటు ఉద్యోగాల, బిరుదుల జాబితా ఒకటి దొరికింది. ఉజ్జాయింపుగా పెద్ద పదవి నుంచి చిన్న పదవికి దిగుతూ పోయే ఆ జాబితాను రాత నేర్చుకునే పిల్లలు వందల ఏళ్లపాటు ఎత్తి రాశారు. రాత పుట్టిన తొలి రోజుల్లోనే పై మెట్టు, కింది మెట్టు పాఠ్యాంశం అయిపోయాయన్నమాట.

ఇంకో ఏడెనిమిది వందల ఏళ్లు గడిచాక ఊర్ నగరంలో పరిస్థితి మరింత ముదిరింది. 1920ల్లో లియొనార్డ్ వూలీ అక్కడ తవ్వినప్పుడు క్రీ.పూ. 2600-2500 నాటి రాజ సమాధులు బయటపడ్డాయి. పుఆబి అనే రాణి బంగారు ఆకుల తలకట్టుతో కనిపించింది, చుట్టూ పరిచారకుల అస్థిపంజరాలు. మరో గోతిలో 74 మంది వరుసగా పడి ఉన్నారు, వాళ్లలో 68 మంది ఆడవాళ్లు. విషం తాగి, ఇష్టపూర్వకంగానే ప్రభువుల వెంట వెళ్లారని వూలీ అనుకున్నాడు. చాలా ఏళ్లు అదే కథ నడిచింది. తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న రెండు పుర్రెలకు సీటీ స్కాన్ తీస్తే, మొన తేలిన బరువైన ఆయుధంతో తల మీద కొట్టిన గుర్తులు కనిపించాయి. తవ్విన మనిషి రాజుల వైపు నుంచి చూసి చెప్పిన కథను ఎముకలు ఇలా మార్చేశాయి.

ఆ సమాధుల్లోని కార్నీలియన్ అనే ఎర్రటి రాతి పూసల్లో కొన్ని సింధు లోయ పనివాళ్లు చేసినవి. ఈ విషయం కాసేపట్లో పనికొస్తుంది.

హమ్మురాబి చట్టంలో ఒక కన్ను ఖరీదు

వర్గాలను నేరుగా రాతలో చూడాలంటే బాబిలోన్ రాజు హమ్మురాబి (క్రీ.పూ. 1792-1750) శాసనమే మంచి ఉదాహరణ. 1901-02లో సూసాలో దొరికిన ఆ నల్లరాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో మూడు రకాల మనుషులు కనిపిస్తారు: అవీలుం అనే పూర్తి హక్కులున్న స్వతంత్రుడు, అతనికన్నా ఒక మెట్టు కింద ఉన్న ముష్కేనుం, బానిస. ముష్కేనుం అంటే సామాన్య పౌరుడా, రాజభవనం మీద ఆధారపడి బతికేవాడా అన్నది పండితుల్లో ఇంకా తేలలేదు.

ఒక అవీలుం ఇంకో అవీలుం కన్ను పోగొడితే అతని కన్నూ తీసేస్తారు. ముష్కేనుం కన్ను పోగొడితే ఒక మీనా వెండి చెల్లిస్తే చాలు. వేరొకరి బానిస కన్ను పోగొడితే ఆ బానిస ధరలో సగం యజమానికి కట్టాలి, దెబ్బ తగిలింది బానిసకైనా.

ఒక మీనా ఎంతో లెక్క వేద్దాం. మీనాకు 60 షెకెళ్లు, షెకెల్‌కు 180 గింజల ఎత్తు వెండి. అంటే మీనాకు 10,800 గింజలు, నేటి తూకంలో సుమారు అర కిలో. అదే శాసనం రోజు కూలికి ఏడాదిలో మొదటి ఐదు నెలలు రోజుకు 6 గింజల వెండి ఇవ్వమంటుంది. 10,800ను 6తో భాగిస్తే 1,800 రోజులు, దాదాపు ఐదేళ్ల కూలి. డబ్బున్న అవీలుం కట్టగలడు, కూలివాడు జన్మలో కట్టలేడు.

కంటికి కన్ను అనేది ఆటవిక కాలం నాటి పాత పద్ధతి అని చాలామంది అనుకుంటారు. హమ్మురాబికి మూడు వందల ఏళ్ల ముందటి ఊర్-నమ్ము చట్టంలో కన్నుకు శిక్ష వెండి జరిమానాయే. శరీరానికి శరీరం అనే శిక్ష తర్వాత వచ్చింది, అదీ పైవాళ్లు పైవాళ్లకు చేసిన హానికి. సాటివాడి శరీరానికి వెల కట్టకూడదు, కిందివాడి శరీరానికి కట్టొచ్చు అన్న భావన ఆ నిబంధనల్లో నాకు కనిపిస్తుంది.

అయితే ఈ మెట్ల మధ్య తలుపులు పూర్తిగా మూసుకోలేదు. అప్పు తీర్చలేక భార్యనో బిడ్డలనో పనికి అప్పగిస్తే వాళ్లు మూడేళ్లు చేసి నాలుగో ఏట విడుదల కావాలని అదే శాసనం చెబుతుంది. రాజభవనపు బానిస స్వతంత్రురాలిని పెళ్లి చేసుకోవచ్చు, వాళ్ల పిల్లలు స్వతంత్రులే. రాజులు అప్పుడప్పుడు అప్పులు రద్దుచేసేవారు. క్రీ.పూ. 1646 నాటి అమ్మి-సదూక ఆజ్ఞ అలాంటిదే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ కాలపు కోర్టు పలకలు వేలల్లో దొరికాయి గానీ, వాటిలో ఈ శాసనాన్ని ఎత్తి చూపి తీర్పు చెప్పడం కనిపించదు. ఇది నిజంగా అమలైన చట్టమా, న్యాయమైన రాజునని చాటుకునే ప్రకటనా అన్న వాదన అందుకే నడుస్తోంది. అమలు ఎలా ఉన్నా, ఏది సహజమని ఆ సమాజం అనుకునేదో తెలియడానికి అది సరిపోతుంది.

బత్తెం పద్దులు చెప్పేది

క్రీ.పూ. 2100-2000 మధ్య ఊర్ మూడో వంశం కాలం నాటి పద్దులు దొరికినంత విస్తారంగా ఆ కాలపు లెక్కలు ఇంకెక్కడా దొరకలేదు. పనిచేసే మగవాడికి నెలకు 60 సిలాల బార్లీ, ఆడమనిషికి మామూలుగా 30 సిలాలు. సిలా అంటే సుమారు ఒక లీటరు. నేతశాలల్లో వేల మంది ఆడవాళ్లు ఈ లెక్కన పనిచేశారు. గుమాస్తా పద్దులో 20 మంది నేతగత్తెలకూ 10 మంది మగ కూలీలకూ ఒకే మొత్తం, 600 సిలాలు. రాజు, పూజారి, బానిస అని మాత్రమే గీసే త్రికోణంలో ఈ తేడా ఎక్కడా కనబడదు.

దీని పక్కన ఈజిప్టు పద్దు ఒకటి పెడదాం. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత, ఫారోల సమాధులు తొలిచే పనివాళ్లు దైర్ అల్-మదీనా అనే ఊళ్లో ఉండేవారు. ఒక్కో పనివాడికి నెలకు 4 బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా బార్లీ. మేస్త్రీకి కలిపి ఏడున్నర బస్తాలు. బస్తా సుమారు 76 లీటర్లు, కాబట్టి పనివాడి ఇంటికి నెలకు 400 లీటర్ల పైనే. కుటుంబం తినగా మిగిలింది అమ్ముకునేవాళ్లు. ఈ ఊరివాళ్లు ఎంచిపెట్టిన నిపుణులు, మామూలు రైతులకన్నా చాలా మెరుగైన స్థితిలో ఉన్నవాళ్లు. ఆ సంగతి గుర్తుంచుకునే చూడండి. పనివాడికీ మేస్త్రీకీ మధ్య తేడా 36 శాతం. ఊర్‌లో ఆడ, మగ కూలీల మధ్య రెట్టింపు.

ఈ బత్తెం ఆలస్యమైనప్పుడు, మూడో రామ్సెస్ పాలన 29వ ఏట, పనివాళ్లు పనిముట్లు కింద పెట్టి గుళ్ల దగ్గర బైఠాయించారు. ఆకలి, దాహం తమను అక్కడికి తెచ్చాయని, బట్టలు లేవని, చేపలు, కూరగాయలు లేవని, ఫారోకు చెప్పమని అధికారులను అడిగారు. రాతలో నమోదై మనకు దక్కిన మొట్టమొదటి సమ్మె ఇది.

పిరమిడ్ కట్టింది బానిసలేనా?

కొరడా దెబ్బలు తింటూ రాళ్లు లాగే బానిసల దృశ్యం మన బుర్రల్లో బాగా నాటుకుంది. 1990లో గిజా దగ్గర ఒక గుర్రం కాలు పాత ఇటుక గోడకు తగిలింది. అక్కడ తవ్వితే పిరమిడ్ పనివాళ్ల శ్మశానం దొరికింది. విరిగిన ఎముకలకు కట్టు కడితే సరిగ్గా అతుక్కున్న గుర్తులు ఉన్నాయి. మోపులు మోసి అరిగిన వెన్నెముకలూ ఉన్నాయి. రాజు పిరమిడ్‌కు దగ్గర్లోనే పాతిపెట్టడం, పక్కన రొట్టె, బీరు పెట్టడం చూస్తే వీళ్లు కొనుక్కొచ్చిన బానిసలు కారని అర్థమవుతుంది. పనివాళ్ల వాడలో పశువుల, గొర్రెల, మేకల ఎముకలు కుప్పలుగా దొరికాయి. మాంసం బాగానే తిన్నారు. 2013లో ఎర్ర సముద్ర తీరాన వాది అల్-జర్ఫ్‌లో దొరికిన పాపిరస్‌లలో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. తన జట్టుతో తూరా నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకు చేరవేసిన వివరాలు అందులో ఉన్నాయి.

అలాగని అది స్వేచ్ఛగా చేసిన ఉద్యోగం అనడమూ తప్పే. పల్లెల నుంచి వంతులవారీగా మనుషుల్ని రప్పించి పని చేయించుకునే పద్ధతి అది. మన పల్లెలకు బాగా తెలిసిన వెట్టికి దగ్గరగా ఉంటుంది, కాకపోతే తిండి పెట్టేవాళ్లు. బానిసా, స్వతంత్రుడా అని రెండే గళ్లు గీసి అడిగితే ఈజిప్టు రైతు ఏ గడిలోనూ ఇమడడు.

కింది నుంచి పైకి ఎదగడం కుదిరేదా? ఆరో రాజవంశం కాలపు వెని అనే అధికారి తన సమాధి గోడ మీద చిన్న ఉద్యోగంతో మొదలై దక్షిణ ఈజిప్టుకు గవర్నర్ అయిన తీరు రాయించుకున్నాడు. స్వశక్తితో ఎదిగినవాడికి ఉదాహరణగా చాలాకాలం అతన్నే చూపించారు. తర్వాత అబిడోస్ తవ్వకాల్లో అతని తండ్రి ఇయు అనే ప్రధానమంత్రి అని చెప్పే ఆధారాలు దొరికాయి. ఆత్మకథలో ఆ ముక్క లేదు.

మొదటి రాజవంశపు ఫారో జెర్ సమాధి చుట్టూ మూడు వందలకు పైగా చిన్న సమాధులున్నాయి. రాజుతో పాటు చంపి పాతిపెట్టినవాళ్లవేనని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఆ వంశంతోనే ఈజిప్టులో ఈ పద్ధతి దాదాపు ఆగిపోయింది. చైనాలో షాంగ్ రాజులూ ఇదే చేశారు. 1976లో అన్యాంగ్‌లో తవ్విన ఫూ హావో రాణి సమాధిలో 1,600 కిలోల కంచు వస్తువులతో పాటు బలి ఇచ్చిన 16 మంది ఎముకలున్నాయి. రాజరికం కొత్తగా వేళ్లూనుకుంటున్న దశలో భయంతో అధికారాన్ని చూపించుకోవడానికి ఇలా చేసేవారన్నది ఒక వివరణ. ఈజిప్టుకు ఇది బాగా సరిపోతుంది, షాంగ్‌కు అంత బాగా సరిపోదు.

మొహెంజోదారోలో ఏం దొరకలేదు?

ఇప్పుడు సింధు లోయ. నగరాల వైభవ కాలం క్రీ.పూ. 2600-1900. మొహెంజోదారోలో కనీసం 40 వేల మంది ఉండేవారని అంచనా. నగరంలో 700 దాకా బావులు ఉండొచ్చని లెక్కగట్టారు. వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలో సైతం ఒకే రకం తూకపు రాళ్లు, 1:2:4 కొలతల ఇటుకలు.

రాజభవనమని అందరూ ఒప్పుకునే కట్టడం ఒక్కటీ లేదు. బంగారం నింపిన రాజ సమాధి లేదు. శత్రువుల్ని తొక్కుతున్న రాజు బొమ్మ లేదు. పూజారి-రాజు అని పుస్తకాల్లో కనిపించే విగ్రహం ఎత్తు 17.5 సెంటీమీటర్లు. అతను పూజారి అనిగానీ రాజు అనిగానీ చెప్పే రాత ఏదీ లేదు. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ధాన్యాగారం అన్న కట్టడంలో ధాన్యం దొరకలేదు. కోట, కూలీల పేట అన్న పేర్లూ ఆ తరం తవ్వకందారులు తమ కళ్లతో చూసి పెట్టినవే, వాళ్ల మనసులో ఉన్న నమూనా మెసొపొటేమియా.

దీన్ని బట్టి ఒక వాదన బలపడింది. పరిశోధకుడు ఆడం గ్రీన్ లాంటివారు చెప్పేదేమంటే, మురుగు కాలువలు, బావులు, స్నానపు గచ్చులు పెద్ద ఇళ్లకే పరిమితం కాలేదు, మంచి వస్తువులు చిన్న ఇళ్లలోనూ దొరుకుతున్నాయి, కాబట్టి పాలకవర్గం లేకుండానే ఈ నగరాలు నడిచి ఉండాలి. నూరేళ్లు వెతికినా దొరకని రాజును ఉన్నాడని ఎందుకు అనుకోవాలన్నది వారి ప్రశ్న.

ఎదుటి పక్షం బలహీనమైనదేం కాదు. గుజరాత్‌లోని ధోలావీరా చూడండి. కోట, మధ్య పట్టణం, దిగువ పట్టణం అని మూడు భాగాలు, కోటకు మందమైన రాతి గోడలు. ఆ గోడలు ఎవరిని లోపల, ఎవరిని బయట ఉంచడానికి? ఇళ్లలోనూ ఒకటి రెండు గదులవి ఉన్నాయి, విశాలమైన ముంగిళ్లవీ ఉన్నాయి. పొడవాటి కార్నీలియన్ పూసల సంగతి ఇక్కడ వస్తుంది. వాటికి సన్నటి రంధ్రం తొలవడం ఎంత కష్టమో ప్రయోగం చేసి చూశారు. కరాచీ దగ్గరి అల్లాదినో అనే సింధు కాలపు ఊళ్లో దొరికినలాంటి ఒక్క వడ్డాణానికి ఏడాదికి పైగా పని పడుతుంది. అంత పని చేయించుకోగలిగిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. పురావస్తు శాస్త్రవేత్త జొనాథన్ కెనోయర్ చూపించే చిత్రం ఇది: ఒక రాజు బదులు, వ్యాపారులు, భూమి ఉన్నవాళ్లు, కర్మకాండల మీద పట్టున్నవాళ్లు పోటీ పడుతూ నగరాన్ని కలిసి నడిపారు. పెత్తనం ఉంది, అది ఒక్కరి చేతిలో లేదు.

సమాధుల సాక్ష్యం ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. హరప్పా శ్మశానంలో కుండలు, గాజులు, కొద్దిపాటి పూసలే దొరికాయి. సంపదను మట్టిలో పెట్టకుండా వారసులకు ఇచ్చే ఆచారం ఉంటే, ధనవంతుడి సమాధి కూడా అలాగే కనిపిస్తుంది. ఊర్ రాణి వేసుకుని పోయిన పూసలను హరప్పా ధనికుడు కూతురికి ఇచ్చి ఉండొచ్చు. ఎముకల అధ్యయనాలు ఇంకో సంగతి చెప్పాయి. నగరం క్షీణించే కాలానివిగా భావించే ఒక ఎముకల గుట్టలో దెబ్బల గుర్తులు, రోగాల గుర్తులు శ్మశానంలోని వాళ్లకన్నా ఎక్కువ. కష్టకాలం అందరినీ సమానంగా తాకలేదు.

నాకు కెనోయర్ చిత్రమే ఆధారాలకు దగ్గరగా అనిపిస్తుంది. గ్రీన్ వాదన చేసిన మేలు మాత్రం పెద్దది. నగరం, మిగులు ధాన్యం, రాత, పాలకవర్గం కలిసే వస్తాయని 1950లో పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ చేసిన సూత్రీకరణను దశాబ్దాలుగా అందరూ అంగీకరించారు. వేల మంది కలిసి బతకడానికి రాజభవనం తప్పనిసరి కాదేమోనని ఇప్పుడు అడగగలుగుతున్నాం. లిపి చదవగలిగితే సాయపడుతుంది, కానీ ముద్రల మీద సగటున ఐదే గుర్తులున్నాయి. అవి పేర్లో బిరుదులో అయ్యే అవకాశమే ఎక్కువ. బత్తెం పద్దులు వాటిలో దొరుకుతాయని ఆశించలేం.

కులం అక్కడే పుట్టిందా?

పుట్టిందని చెప్పేవాళ్లు మూడు విషయాలు చూపిస్తారు: గోడలతో విడిపోయిన పేటలు, ఒక్కో వీధిలో ఒక్కో వృత్తి, స్నానానికి ఇచ్చిన ప్రాధాన్యం. వృత్తులవారీ వీధులు ప్రాచీన నగరాల్లో చాలాచోట్ల ఉన్నాయి. స్నానపు గచ్చును శుద్ధి-మైల భావనకు రుజువుగా తీసుకోవడం ఊహే. నాలుగు వర్ణాల మాట మొదట కనిపించే పురుష సూక్తం రుగ్వేదం పదో మండలంలో ఉంది. అది రుగ్వేదంలో చివర చేరిన భాగాల్లో ఒకటని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సాధారణంగా అంగీకరించే కాలక్రమం ప్రకారం అప్పటికి సింధు నగరాలు ఖాళీ అయి వందల ఏళ్లు గడిచాయి.

కులానికి అసలు గుర్తు పెళ్లి. దాని జాడ జన్యువుల్లో మిగులుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్‌జీ సింగ్ కూడా పాలుపంచుకున్న 2013 అధ్యయనం 73 సమూహాల జన్యువులను పరిశీలించింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా ఉపఖండంలో వేర్వేరు జన సమూహాలు విస్తారంగా కలిశాయని, తర్వాత ఎవరిలో వాళ్లే పెళ్లి చేసుకోవడం బిగిసిందని తేల్చింది. ఇది మొత్తం మీద వచ్చిన చిత్రం. ఒక్కో సమూహం ఒక్కో కాలంలో ఈ మార్పుకు లోనై ఉండొచ్చు. కానీ హరప్పా కాలం నుంచీ కట్టుదిట్టమైన కులం ఉంటే ఆ తర్వాత రెండు వేల ఏళ్ల కలయిక ఎలా జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఆ వాదన చేసేవాళ్ల మీదే ఉంటుంది.

హరప్పావాళ్లు ఎవరిని పెళ్లాడేవారో నేరుగా తెలియాలంటే ఒకే శ్మశానంలోని చాలామంది డీఎన్‌ఏ కావాలి. హరియాణాలోని రాఖీగఢీలో 61 నమూనాలు ప్రయత్నిస్తే, 2019లో ప్రచురించిన అధ్యయనానికి పనికొచ్చింది ఒకే ఒక మహిళది. వేడి, తేమ మిగతావాటిని పాడుచేశాయి. ఆమె పూర్వీకుల గురించి ఆ ఒక్క నమూనా ఎంతో చెప్పింది. ఆమె పొరుగువాళ్లు ఆమెకు బంధువులా, పరాయివాళ్లా అన్నది మాత్రం రెండో మనిషి డీఎన్‌ఏ దొరికినప్పుడే తెలుస్తుంది.